తీస్తే ఆకాశం... వేస్తే వాన!

పాత స్పోర్ట్స్ కారులో నెత్తిన నీళ్లు కారుతుంటే తప్పు కప్పుదేనా? అమెరికావాళ్ల కలల కారు ‘కార్వెట్’ పైన ఉండే రెండు పలకల కథ మొదలుపెడితే అది కారు అడుగు దాకా వెళ్తుంది.

1968-82 మధ్య తయారైన షెవర్లే కార్వెట్ కొనాలనుకునేవాళ్లు బానెట్ ఎత్తి ఇంజిన్ చూడటం తర్వాత పెట్టుకోవచ్చు. ముందు డ్రైవరు కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ ఎత్తి, దాని కింద అరచెయ్యి ఆనించి చూడాలి. చెయ్యి చల్లగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా అసలు బేరం అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఆ చెమ్మ కింది నుంచి వచ్చింది కాకపోవచ్చు. నెత్తి మీది నుంచి దిగి ఉండవచ్చు.

ఈ తరం కార్వెట్‌ని అభిమానులు ‘సీ3’ అంటారు. పొడవాటి ముక్కు, చక్రాల మీద ఉబ్బిన భుజాలు, మధ్యలో సన్నటి నడుము. పదిహేను మోడల్ సంవత్సరాల్లో అయిదు లక్షల నలభై వేలకు పైగా తయారయ్యాయి. చంద్రయాత్ర చేసిన అపోలో 12 వ్యోమగాములు పీట్ కాన్రాడ్, డిక్ గోర్డన్, అలన్ బీన్- ముగ్గురూ బంగారు వన్నెకు నలుపు కలిపిన ఒకే రకం 1969 కూపేల్లో తిరిగారు. 1960లో ఇండియానాపొలిస్ 500 గెలిచిన జిమ్ రాత్‌మన్ ఆ తర్వాత ఫ్లోరిడాలో కార్ల డీలరయ్యాడు. వ్యోమగాములకు ఏడాదికి ఒక్క డాలరు అద్దెకు కార్వెట్‌లు అందేలా చూసింది ఆయనే. జీతం చూస్తే ప్రభుత్వోద్యోగం, ఎక్కేది కార్వెట్... ఆ రోజుల్లో కుర్రకారు అసూయపడ్డారంటే పడరూ మరి!

కూపే అంటే కప్పు ఉన్న కారే. కానీ ఈ కూపే కప్పులో రెండు పలకలు ఊడొస్తాయి. లాచ్‌లు విప్పి, చేత్తో ఎత్తి, సీట్ల వెనక ఉన్న చోటులో పెట్టేసుకోవచ్చు. ముందు అద్దం చట్రం నుంచి వెనక చట్రం దాకా మధ్యలో ఒక్క దూలం మిగులుతుంది. దాన్ని టీ-బార్ అనీ, మొత్తం ఏర్పాటుని టీ-టాప్ అనీ పిలుస్తారు. ఎండ కాసినప్పుడు దానంత సుఖం లేదు. వాన పడిందో, యజమాని తొడ మీద చుక్క పడుతుంది.

చుక్క పడగానే చాలామంది చేసే పని ఒకటే. కొత్త రబ్బరు బీడింగ్ తెప్పించి అతికించేస్తారు. నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. ఇంకొంచెం మందం రబ్బరు తెస్తారు. ఈసారి లాచ్ పడదు, బలవంతంగా నొక్కితే పలక మూల చిట్లుతుంది. ఇదంతా తలనొప్పి తగ్గడానికి టోపీ మార్చడం లాంటిది. నన్నడిగితే, ఆ పలకల్ని సరిచేయాలంటే అన్నిటికన్నా చివర ముట్టుకోవాల్సినవి ఆ పలకలే.

దూలం ఎక్కణ్నుంచి వచ్చింది?

ఊడదీసే రెండు పలకల ఆలోచన కార్వెట్‌ది కాదు. గార్డన్ బ్యూరిగ్ అనే డిజైనర్‌ది. 1930ల్లో కార్డ్ 810 లాంటి, ఇప్పటికీ మ్యూజియంలలో నిలబెట్టి చూపించే కార్లకు రూపమిచ్చిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1948లో ‘టాస్కో’ అని ఒక్క కారు తయారుచేయించాడు. ‘ద అమెరికన్ స్పోర్ట్స్ కార్ కంపెనీ’కి అది పొట్టి పేరు. విమానం కాక్‌పిట్‌ని తలపించే ఆ కారు నెత్తిన రెండు పలకలు విడివిడిగా ఊడొచ్చేవి. కంపెనీ ముందుకు సాగలేదు. ఆ కప్పు మీద బ్యూరిగ్ వేసిన పేటెంటు మాత్రం 1951 జూన్‌లో మంజూరైంది. ఆ ఒక్క కారూ ఇండియానా రాష్ట్రంలోని ఆబర్న్‌లో, ఆబర్న్-కార్డ్-డ్యూసెన్‌బర్గ్ మ్యూజియంలో చేరింది.

టాస్కో వచ్చిన పదిహేడేళ్లకు, 1965లో రెండు సంగతులు జరిగాయి. ఆ సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పోర్షే కంపెనీ ‘911 టార్గా’ చూపించింది. సీట్ల వెనక వెడల్పాటి స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ, దానికీ ముందు అద్దానికీ మధ్య ఊడదీసే ఒకే ఒక్క పలక. సిసిలీలోని టార్గా ఫ్లోరియో రేసు పేరే దానికి పెట్టారు. అదే ఏడు న్యూయార్క్‌లో జనరల్ మోటార్స్ వాళ్లు ‘మాకో షార్క్ 2’ అనే నమూనా కారు ప్రదర్శించారు. బిల్ మిచెల్ అజమాయిషీలో ల్యారీ షినోడా గీసిన ఆ గీతలే మూడేళ్లకు సీ3 కార్వెట్ అయ్యాయి.

కార్వెట్‌కీ మొదట అనుకున్నది పోర్షేలాగే ఒక్క పలక. నమూనా కార్లు తిప్పి చూస్తే బాడీ మెలి తిరుగుతోంది, కిర్రుమంటోంది. ముందు చట్రాన్నీ వెనక చట్రాన్నీ కలిపి పట్టేందుకు మధ్యలో ఒక ఉక్కు దూలం వేయక తప్పలేదు. అంటే ఎంతోమంది ముచ్చటపడే ఆ టీ ఆకారం ఏ కళాకారుడి ఊహా కాదు, ఇంజినీర్లు వేసిన కట్టు. పైన చెప్పిన చెమ్మకీ, ఈ దూలానికీ చుట్టరికం ఉంది. దాని సంగతి తర్వాత.

1968 మోడల్ బయటికొచ్చేసరికి అది టీ-టాప్‌తో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొట్టమొదటి అమ్మకపు కారు అయింది. చూపు తిప్పుకోనివ్వని అందం. పనితనం మాత్రం అంతంత. ‘కార్ అండ్ డ్రైవర్’ పత్రికకు పరీక్ష కోసం ఇచ్చిన కారు ఎంత అధ్వాన్నంగా ఉందంటే, ఇది పరీక్షకు పనికిరాదని ఎడిటర్ స్టీవ్ స్మిత్ రాసి తిప్పికొట్టాడు. అయినా ఆ ఏడాది 28,566 అమ్ముడుపోయాయి. మరుసటేడు 38,762. అందం ముందు కారే కప్పు ఓడిపోయింది.

బాండిట్ కొట్టిన దెబ్బ

1970ల్లో అమెరికాలో ఒక పుకారు గట్టిగా నడిచింది. బోల్తా పడితే ప్రాణాలు కాపాడే నిబంధనలు వస్తున్నాయి, ఇక కప్పు పూర్తిగా తీసేసే కన్వర్టిబుళ్ల పని అయిపోయినట్టే అని. అలాంటి నిషేధం ఎప్పుడూ రాలేదు. అయితే కంపెనీలు ముందే జడుసుకుని ఒక్కొక్కటీ మానేశాయి. కార్వెట్ కన్వర్టిబుల్ 1975తో ఆగింది. మళ్లీ రావడానికి 1986 దాకా పట్టింది. 1976 నాటి క్యాడిలాక్ ఎల్డొరాడోను ‘ఇదే చివరి అమెరికన్ కన్వర్టిబుల్’ అని చాటింపు వేసి మరీ అమ్ముకున్నారు.

ఆకాశం కావాలి, బోల్తా పడితే నెత్తిన ఏదో ఒకటి ఉండాలి. ఈ రెండిటి మధ్యా టీ-టాప్ రాజ్యమేలింది. దానికి సినిమా తోడైంది. 1977లో వచ్చిన ‘స్మోకీ అండ్ ది బాండిట్’లో బర్ట్ రేనాల్డ్స్ నడిపిన నల్లటి పాంటియాక్ ట్రాన్స్ యామ్‌కి ఉన్నదీ టీ-టాపే. ఆ కారు అమ్మకాలు 1977లో 68,745 ఉంటే 1979కి 1,17,108 అయ్యాయి. ట్రాన్స్ యామ్ పలకలు మొదట్లో హర్స్ట్ కంపెనీ అద్దాలు. 1978లో జనరల్ మోటార్స్ సొంత ఫిషర్ పలకలు వచ్చాయి. హర్స్ట్ పలకలు కారడంలో ఎంత పేరు మోశాయంటే, పాత ట్రాన్స్ యామ్ కొనేవాళ్లు ఈనాటికీ ఏ పలకలో ముందు చూసుకుంటారు.

అదే 1978లో కార్వెట్ గాజు పలకలు కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. వేసి ఉంచినా ఆకాశం కనిపించాలన్న సరదా. ఇండియానాపొలిస్ రేసు గుర్తుగా ఆ ఏడాది వదిలిన 6,502 ‘పేస్ కార్’లన్నీ గాజు పలకలతోనే వచ్చాయి.

అగ్గిపెట్టె లెక్క

అగ్గిపెట్టెలోంచి డొప్ప లాగి, ఆ డొప్పని రెండు చివర్లా పట్టుకుని మెలితిప్పి చూడండి. ఇట్టే తిరుగుతుంది. పైగూడులో దూర్చి తిప్పితే అంత తేలిగ్గా లొంగదు. కారుకి కప్పు చేసే పని ఆ పైగూడు పనే. కప్పుకి రెండు పెద్ద కంతలు పెట్టాక, గతుకులో ఒక చక్రం దిగిన ప్రతిసారీ ముందు అద్దం చట్రం ఓ వైపుకీ, సీట్ల వెనక చట్రం ఇంకో వైపుకీ కొద్దిగా లాగుతాయి. మధ్య దూలం ఆ లాగుడుని తగ్గిస్తుంది, ఆపలేదు. ఆ రెండు చట్రాల నడుమ కూర్చున్న పలకా, దాని రబ్బరూ ప్రతి గతుకుకీ నలుగుతూనే ఉంటాయి.

కార్వెట్‌కి దీని మీద ఇంకో మెలిక. బయట కనిపించే ఒళ్లంతా ఫైబర్‌గ్లాసు. దాని లోపల తలుపుల చుట్టూ, ముందు అద్దం చుట్టూ, సీట్ల వెనకా ఒక ఉక్కు చట్రం ఉంటుంది. బర్డ్‌కేజ్ అంటారు. పక్షి పంజరం అన్నమాట. ఫైబర్‌కి తుప్పు పట్టదు కాబట్టి కార్వెట్‌కి తుప్పు లేదని పొరబడేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పంజరం ఉక్కుదే. ముందు అద్దం కింది రెండు మూలలూ దానికి గండం. పైన రబ్బరు వదిలేసినా, అద్దం అంచు జిగురు ఎండిపోయినా నీళ్లు వెళ్లి చేరేది అక్కడే. అక్కణ్నుంచి తలుపు కీళ్లు బిగించిన స్తంభంలోకి దిగుతాయి. లోపల్లోపలే తింటాయి. బయట పెయింటు పెళ్లికూతురిలా మెరుస్తుంటుంది.

స్తంభం బలహీనపడితే తలుపు ఒరుగుతుంది. తలుపు ఒరిగితే దాని అద్దం ఒరుగుతుంది. అద్దం పైఅంచు ఆనాల్సింది పలక రబ్బరుకే. మొదట ఓ చుక్క లోపలికొచ్చింది, ఆ చుక్క ఉక్కుని తినేసింది, ఇప్పుడు ఉక్కు ఒంగి బకెట్టు నీళ్లని లోపలికి పిలుస్తోంది.

కింది నుంచి రండి

కాబట్టి పని మొదలుపెట్టే చోటు నేల. కారు చక్రాల మీదే నిలబడి ఉండాలి. నాలుగు టైర్లలో గాలి సమంగా ఉండాలి. స్టాండ్ల మీద ఎత్తిపెట్టి పలకలు అమర్చితే, దించాక ఆ అమరిక మారిపోతుంది.

తర్వాత పంజరం పరీక్ష. ముందు అద్దం చుట్టూ ఉండే మెరుపు పట్టీలు తీసి మూలలు చూస్తారు. పాదాల పక్కనుండే ప్లాస్టిక్ మూతలు విప్పి, స్క్రూడ్రైవరు మొనతో ఉక్కుని పొడుస్తారు. ఖంగుమంటే క్షేమం. మొన దిగబడితే కప్పు సంగతి అక్కడితో ఆపేసి వెల్డింగు పని చూసుకోవాలి. ఇంకో కిటుకుంది. తలుపు వెనక అంచు దగ్గర సందు ఎంతుందో కొలిచి, తర్వాత జాకీతో ఒక మూల మెల్లగా లేపుతూ ఆ సందునే చూస్తుండాలి. కంటికి తెలిసేంతగా అది మూసుకున్నా, తెరుచుకున్నా ఎముకల్లో బలం లేదని లెక్క. అలాంటి కారుకి ఎంత ఖరీదైన రబ్బరు వేసినా వానకి సమర్పయామి.

బాడీని ఛాసిస్‌కి బిగించే మౌంట్లు ఆ తర్వాత. 1973లో వీటికి రబ్బరు కుషన్లు వచ్చాయి. అరిగి, నలిగి ఒక మూల కుంగిన కుషన్ బాడీ మొత్తాన్నీ అటు లాగేస్తుంది. ఫ్యాక్టరీలోనే కుషన్లకూ బాడీకీ మధ్య పల్చటి షిమ్ములు పెట్టి సమం చేసేవాళ్లు. ఏ బోల్టు దగ్గర ఎన్ని షిమ్ములున్నాయో కాగితం మీద రాసుకోకుండా విప్పేసినవాళ్లు తర్వాత ఊరందరికీ ఫోన్లు చేస్తూ కూర్చుంటారు.

మౌంట్లయ్యాక తలుపులు. కీళ్ల బోల్టులు సడలించి తలుపుని పైకి, కిందికి, ముందుకి, వెనక్కి జరపొచ్చు. ముందు కీళ్లు సరిచేశాకే తాళం పట్టుకునే స్ట్రైకర్‌ని ముట్టుకోవాలి. సందు తప్పుగా ఉన్న తలుపుని స్ట్రైకర్‌తో లాగి కూర్చోబెట్టడం చాలా గ్యారేజీల్లో చూసే దొడ్డిదారి. అప్పటికి పనవుతుంది, తలుపు వేసినప్పుడల్లా స్తంభం మూలుగుతుంది.

ఇక్కడిదాకా పలకలు గోడకి ఆనించే ఉన్నాయి. ఉండనివ్వండి.

పలక మీద చెయ్యి

ఫైబర్ పలకను దగ్గరగా చూస్తే అది రెండు పొరలు. పైన నునుపైన చర్మం, లోపల గట్టితనానికి ఇంకో చట్రం, రెండిటినీ కలిపే జిగురు. యాభై ఏళ్ల ఎండకి ఆ జిగురు అక్కడక్కడా వదిలేస్తుంది. గోటితో అంచంతా తడుతూ పోతే తెలుస్తుంది. పట్టున్న చోట ‘టక్’, వదిలిన చోట ‘డొక్’. వదిలిన చోట సందులోకి కొత్త జిగురు ఎక్కించి క్లాంపులతో బిగిస్తారు. బిగించేటప్పుడు పలకని కారు మీద తన చోట్లో పెట్టి బిగించడం తెలివైన పని. బల్ల మీద బిగిస్తే బల్ల ఒంపు వస్తుంది, కారు ఒంపు రాదు.

లాచ్‌ల దగ్గరి మూలలు పలకకి ఆయువుపట్టు. మందం రబ్బరు మీద బలవంతంగా లాచ్ వేసిన ప్రతిసారీ అక్కడ సన్నటి చారలు పుడతాయి. పెయింటు పగిలిందనుకుని పుట్టీ రాసేస్తే ఆరు నెలల్లో అదే చార అదే చోట లేస్తుంది. పగిలింది పెయింటు కాదు, కింద ఉన్న ఫైబర్. చార పొడవునా గాడి తీసి, గట్టి ఫైబర్ తగిలేదాకా రుద్ది, చుట్టుపక్కల రెండేసి అంగుళాలు వాలుగా చెక్కి, మ్యాట్ ముక్కలు రెసిన్‌లో తడిపి చిన్నది మీద పెద్దది వేసుకుంటూ పూడ్చాలి. వీలైతే వెనక నుంచీ ఓ పొర. పాత పలక పాలియెస్టర్ రెసిన్‌తో చేసింది. దాని మీద ఎపాక్సీ చక్కగా పట్టుకుంటుంది. ఎపాక్సీ వేశాక దాని మీద మళ్లీ పాలియెస్టర్ వేస్తే మాత్రం సరిగా పట్టదు. వరస తప్పితే చేసిన పనంతా పెచ్చులూడుతుంది.

పాత పెయింటు తీయడంలోనూ జాగ్రత్త కావాలి. రేకు కార్లకు వాడే పెయింట్ రిమూవర్ ఫైబర్ మీద పోస్తే పెయింటుతో పాటు రెసిన్‌నీ తినేస్తుంది. కార్వెట్ వాళ్లు రేజర్ బ్లేడుతో పొరలు పొరలుగా గీకుతారు. ఓపికున్నవాళ్ల పని. ఆ తర్వాత ఉప్పుకాగితం. ఫైబర్ దుమ్ము ఒంటి మీద పడితే రాత్రంతా దురదే, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అంతకన్నా చేటు. మాస్కు లేకుండా ఆ దరిదాపులకు వెళ్లొద్దు.

గాజు పలకల గొడవ వేరు. గాజుకీ, దాని చట్రానికీ మధ్య జిగురు వదిలేస్తే పలక ఎత్తినప్పుడు చట్రం చేతిలో ఉండి గాజు జారిపోయే ప్రమాదముంది. చట్రాన్ని పట్టుకుని ఆడిస్తే వదులు తెలుస్తుంది. పాత జిగురంతా గీకి యురేథేన్‌తో మళ్లీ అతికించడమే మందు. అంచున స్టెయిన్‌లెస్ పట్టీలకు పడిన సొట్టల్ని లోపలి నుంచి చిన్న సుత్తితో తట్టి లేపి, ముతక నుంచి సన్నం దాకా ఉప్పుకాగితాలు మార్చుకుంటూ వెళ్లి, చివర బఫ్ కొడితే కొత్తవాటిని మించి మెరుస్తాయి. ఇంత పనిలో ముచ్చట తీరే ఘట్టం ఇదొక్కటే.

రబ్బరు లేకుండా ముందు ఓసారి

ఇప్పుడు పలకలు కారెక్కుతాయి. రబ్బరు ఇంకా వద్దు. వట్టి పలకని చోట్లో పెట్టి, దూలం వైపున్న పిన్నులు వాటి కంతల్లో కూర్చున్నాయా, బయటి వైపు ముందూ వెనకా లాచ్‌లు ఎదురు లాగకుండా పడుతున్నాయా అని చూస్తారు. కంటితో కాదు, వేలితో. ముందు అద్దం పైపట్టీ మీద నుంచి పలక మీదికి వేలు జారిస్తే వేలికి మెట్టు తగలకూడదు. తగిలితే అది దిగుడు మెట్టు కావాలి, ఎక్కుడు మెట్టు కాకూడదు. పలక ముందంచు గోరంత పైకి లేచి ఉన్నా పరుగులో గాలి దాని కింద దూరుతుంది. మొదట ఈల వేస్తుంది, వేగం పెరిగితే పలకనే లేపడానికి చూస్తుంది. వేగంగా వెళ్తున్న కారు కప్పు పైన గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి పలక ఎప్పుడూ పైకే లాగుతుంటుంది. లాచ్ బిగింపు పనికిరావాల్సింది అక్కడే కానీ రబ్బరుని చితక్కొట్టడానికి కాదు.

ఆ తర్వాతే రబ్బరు. మూలల్లో అచ్చుపోసిన ముక్కలు ముందు కూర్చోబెట్టి, మూలల నుంచి మధ్యకి రావాలి. చాలనట్టు అనిపించినా సాగదీయకూడదు. సాగదీసి అతికించిన రబ్బరు కొన్నాళ్లకి తన కొలతకి తాను ముడుచుకుంటుంది. అప్పుడు సందు తెరుచుకునేది మూలలోనే. జిగురు రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాక నొక్కాలి. కొత్త రబ్బరు గట్టిగా ఉంటుంది, మొదటి రోజు లాచ్ మొరాయిస్తుంది. పలకలు వేసి, కారుని కొన్నాళ్లు ఎండలో వదిలేస్తే రబ్బరు తన రూపు తాను తెచ్చుకుంటుంది. ఆ కొన్నాళ్లు ఆగలేక మూలలు చిట్లగొట్టుకున్నవాళ్లు బోలెడుమంది.

చివరి వంతు తలుపు అద్దాలది. ఈ కారు తలుపు అద్దానికి చుట్టూ చట్రం ఉండదు. పైఅంచు నేరుగా పలక రబ్బరులోకి వెళ్లి ఆనాలి. తలుపు లోపలి బోల్టులతో అద్దం ఎంత ఎత్తు దాకా లేవాలో, ఎంత లోపలికి వాలాలో సరిచేయొచ్చు. ఇక్కడో తిరకాసుంది. అద్దం అడుగుని బయటికి నెడితే పైఅంచు లోపలికి వాలుతుంది. ఇది తెలియక పైఅంచుని చేత్తో లాగి ఒంచబోయేవాళ్లున్నారు. అద్దం మరీ ఎత్తు లేస్తే రబ్బరుతో పాటు పలకనీ పైకి తంతుంది. అప్పటిదాకా కూర్చోబెట్టిన పలకంతా వృథా.

అయిందా లేదా తేల్చేవి కాగితం ముక్క, చాక్‌పీసు పొడి, నీళ్లు. సన్నటి కాగితం ముక్కని రబ్బరు మీద పెట్టి పలక మూసి, లాగి చూడాలి. నాలుగు అంగుళాలకోసారి చుట్టూ ఇదే పని. అన్ని చోట్లా ఒకేలాంటి బిగువు తగలాలి. జారిపోయిన చోట సందుంది, చిరిగిన చోట ఒత్తిడి ఎక్కువైంది. రబ్బరు మీద చాక్‌పీసు పొడి అద్ది ఓసారి మూసి తెరిస్తే, ఎదుటి అంచు మీద తెల్ల గీత పడుతుంది. గీత తెగిన చోటు చుక్క పడబోయే చోటు. నీళ్లు ఆఖర్న. పైపుతో మెల్లగా, కింది నుంచి పైకి. ముందు తలుపు అంచు, తర్వాత అద్దం, తర్వాత పలక. ఒక్కో చోట కాసేపు ఆగాలి. లోపల ఒకరు టార్చిలైటు పట్టుకుని కూర్చోవాలి. పైనుంచి ఒక్కసారిగా కుమ్మరిస్తే లోపల తడి కనిపిస్తుందే కానీ దారి కనిపించదు. ప్రెజర్ వాషర్‌తో కొట్టి, ‘చూశారా, కారుతోంది’ అనడం న్యాయం కాదు. దానికి కొత్త కార్లే కారతాయి.

మరీ బాగుంటే మార్కులు పోతాయి

ఇంత చేశాక సందులన్నీ దారం పట్టి గీసినట్టు వచ్చాయనుకోండి. అమెరికాలో కార్వెట్ పోటీలకు తీసుకెళ్తే అందుకు మార్కులు పడతాయన్న భరోసా లేదు. 1974 నుంచి ఉన్న నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ వాళ్లు చూసేది కారు ఎంత గొప్పగా ఉందన్నది కాదు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా ఉందా అన్నది. 1968లో సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీలో పలక సందు కాస్త అటూ ఇటూ వచ్చి ఉంటే, ఆ అటూ ఇటూనే అసలు. పెయింటు మరీ నునుపుగా ఉన్నా, సందు మరీ సమంగా ఉన్నా అతి చేశావని తగ్గించే అవకాశముంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా నాకు ఇందులో న్యాయం కనిపిస్తుంది. పాత కారు ఒక రికార్డు కూడా. దిద్ది దిద్ది అసలు చేతిరాతని చెరిపేస్తే మిగిలేది కొత్త కారు, అంతకన్నా మంచి కొత్త కార్లు షోరూములోనే దొరుకుతాయి. కాకపోతే ఆ కారులో వానాకాలం ఆఫీసుకి వెళ్లాలనుకునేవాడికి ఈ వాదం తలకెక్కదు. తలకెక్కేది నీళ్లే. పోటీ కోసం బాగుచేయిస్తున్నారా, తిరగడం కోసమా అన్నది మేస్త్రి దగ్గరికి వెళ్లకముందే తేల్చుకోవడం ఉత్తమం.

జనరల్ మోటార్స్ కూడా దూలంతో పడలేక చివరికి దాన్ని వదిలించుకుంది. 1984 మోడల్‌గా వచ్చిన తర్వాతి తరం కార్వెట్‌నీ టీ-బార్‌తోనే తయారుచేస్తుంటే, దూలం వద్దని లాయిడ్ ర్యూస్ అనే పెద్ద అధికారి ఆఖర్లో పట్టుబట్టాడు. దూలం పోయిన బలాన్ని పూడ్చడానికి ఇంజినీర్లు తలుపుల కింది పక్కదూలాల్ని ఎత్తు పెంచారు. అందుకే ఆ కారెక్కాలన్నా దిగాలన్నా గడప దాటినట్టు కాలెత్తాలి. పలక ఒకటే అయింది, లాచ్‌లకు బదులు నాలుగు బోల్టులతో బిగించారు. ఆకాశం చూడాలంటే రెంచి పట్టుకోవాలి. ఆ తర్వాతి తరాల్లో లాచ్‌లు మళ్లీ వచ్చాయి. ఇవాళ కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో తయారవుతున్న ఎనిమిదో తరం కూపేకీ ఊడదీసే పలక ఉంది. నాష్‌విల్ నుంచి మామత్ గుహలు చూడ్డానికి ఐ-65 మీద వెళ్లే మనవాళ్లకు దారి పక్కనే కార్వెట్ మ్యూజియం తగులుతుంది. అన్ని తరాలనూ ఒక్క చోట చూడొచ్చు.

పాత పలకలకు ఇప్పుడు గిరాకీ బాగుంది. ఆ రోజుల్లో దొంగలకూ ఉండేది. ఇట్టే ఎత్తుకుపోయే వస్తువు కాబట్టి టీ-టాప్‌లకు విడిగా తాళాలే అమ్మేవారు. ఏటా ఆగస్టులో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో జరిగే కార్వెట్ జాతరలో పాత పలకలు వరసగా పేర్చి పెడతారు. కొనేవాళ్లు ఒక్క సంగతి మరవకూడదు. ఒకే ఏడాది, ఒకే మోడల్ అయినా ఒక కారు పలక ఇంకో కారుకి అచ్చంగా కూర్చోదు. ఫ్యాక్టరీలో ఏ కారు పలకల్ని ఆ కారుకే సరిచేసి బిగించారు. ఇంట్లో ఉన్నవాటికీ కుడి, ఎడమ గుర్తులు పెట్టుకుని, విడివిడి సంచుల్లో దాచుకోవాలి. రబ్బరుకి సిలికాన్ గ్రీజు పూయొచ్చు, ఇంజిన్‌కి వాడే గ్రీజు పూస్తే ఉబ్బి మెత్తబడిపోతుంది. ఇక జాతరలో పలక ఎంత నిగనిగలాడుతున్నా, డబ్బు తీసే ముందు దాన్ని మీ కారు మీద ఓసారి పెట్టి లాచ్ వేసి చూడనివ్వమని అడగండి. ఒప్పుకోని అమ్మకందారుకి దండం పెట్టి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోండి.